పధ్నాలుగో ఇంటి చుట్టం

ఊపు 4,112

చుట్టం పదమూడో ఇంట్లోంచి పధ్నాలుగో ఇంట్లోకి దాటాడు. పదమూడో ఇంట్లో ఉన్నది ఒకటిన్నర ఊపు. తీగ మొత్తం మీద చుట్టాన్ని ఇంత తొందరగా సాగనంపే ఇల్లు ఇంకోటి లేదు. పదమూడో ఇల్లు నాదే కాబట్టి ఆ సంగతి ఇక్కడ రాసుకోవడంలో తప్పులేదు. నా పేరు తాతబ్బాయి. ఒంటిగాణ్ణి. వచ్చినవాడికి ఒక గ్లాసు మంచినీళ్ళు చూపిస్తాను. చూపించడం వరకే, చుట్టానికి నోరుండదు కదా. తర్వాత తలుపు బార్లా తెరిచి, చీపురు పట్టుకుని నిలబడతాను. వాడే వెళ్ళిపోతాడు.

ఈ పుస్తకం రాసే పని గట్టువాళ్ళు నాకు అంటగట్టారు. ఎడమవైపు బంగారు గట్టు, కుడివైపు బంగారు గట్టు, మధ్యలో తీగ, తీగ పొడవునా మా ఇరవై నాలుగు ఇళ్ళు. చుట్టాలు ఎడమ గట్టున ఎక్కి, ఇంటింటా ఆగి, కుడి గట్టున దిగుతారు. ప్రతి చుట్టానికీ నేను నాలుగు గడులు నింపాలి. ఏ ఇంట్లో ఉన్నాడు, ఎన్ని ఊపులున్నాడు, గడప దాటేటప్పుడు ఇంటి పరిస్థితి ఏమిటి, చుట్టం కొత్తవాడా పాతవాడా. ఈ ఆఖరి గడి పెట్టినవాడెవడో గానీ వాడికి పనీపాటా లేదు. చుట్టాలకు మొహం ఉండదు, పేరుండదు, పుట్టుమచ్చ ఉండదు. ఒకణ్ణి చూస్తే అందర్నీ చూసినట్టే. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ 'కొత్తవాడు' అని రాస్తున్నాను. ఇవాళా అదే రాశాను.

ఊపు 4,115

చుట్టం పధ్నాలుగో ఇంట్లోనే ఉన్నాడు. తీగ ఒకసారి అటు వంగి ఇటు వస్తే ఒక ఊపు. ఇంటికి మూడు ఊపులని రివాజు. ఎంత కావలసినవాడికైనా మూడు చాలు.

పధ్నాలుగో ఇల్లు మా అబ్బులు అన్నయ్యది. పేరుకు అన్నయ్యది, ఏలేది మాణిక్యాంబ వదినగారు. చుట్టం అడుగుపెట్టగానే ఇల్లు సర్దడం మా తీగ మీద అందరికీ ఆచారమే. మంచం ఒక జానెడు జరుపుతాం, ఒక దిండు వేస్తాం, గోడలు కాస్త బయటికి నెడతాం. వదినగారు మాత్రం ఈసారి ఇంటికున్న ఆరు మూలల్నీ చుట్టం వైపు తిప్పేశారు. నేను వెళ్ళేసరికి అన్నయ్య బీరువా మోస్తున్నాడు.

"ఇంకా ఎంత జరపాలే," అన్నాడు అన్నయ్య.

"ఇంకో బెత్తెడండి. ఆయన మొహం మీద వెలుతురు పడుతోంది," అన్నారు వదినగారు.

"ఆయనకి మొహం లేదండి వదినగారూ," అన్నాను.

"మొహం లేకపోతే మర్యాద చెయ్యక్కర్లేదేటి? నువ్వు కూకో ముందు."

కూర్చున్నాను. నా చేతిలో పూతరేకు పెట్టారు. వదినగారి పూతరేకు మందం ఒక్క పరమాణువు. అంతకంటే పల్చగా ఎవరూ చెయ్యలేరు, చెయ్యడానికి వీల్లేదు కూడా. నాలుగు తిన్నాను. పుస్తకంలో 'అంతా మామూలే' అని రాశాను.

ఊపు 4,124

చుట్టం పధ్నాలుగో ఇంట్లోనే. అంతా మామూలే. పూతరేకులు ఆరు.

నిజానికి అంత మామూలేం కాదు. చుట్టం అనేవాడు ఇంట్లో ఒకచోట కూర్చునే రకం కాదు. గుమ్మం దగ్గర కాస్త, వంటింట్లో కాస్త, అటక మీద కాస్త, ఇల్లంతా కొంచెం కొంచెంగా ఉంటాడు. అందుకే దాటడం తేలిక. వదినగారింట్లో వాడు మొత్తం ఒక మూలకు చేరిపోయాడు. మంచాలూ బీరువా దిండ్లూ అన్నీ వాడి చుట్టూ మూగి, మధ్యన పరుపు గుంటపడి, ఆ గుంటలో కూరుకుపోయి ఉన్నాడు. ఇప్పుడు వాడు లేవాలంటే ముందు ఇల్లు లేవాలి.

వాడి వెనక వచ్చిన రెండో చుట్టం మా ఇంట్లో దిగాడు. మంచినీళ్ళు చూపించాను. చీపురు పట్టుకున్నాను. కదల్లేదు. చుట్టాలకు ఒకరంటే ఒకరికి పడదు, ఒకడున్న ఇంట్లోకి ఇంకొకడు చచ్చినా వెళ్ళడు. ఇన్నాళ్ళ నా రికార్డు వదినగారి పరుపు గుంటలో కలిసిపోయింది.

ఊపు 4,139

పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది, అలా వెనక్కి మొదటింటి దాకా ఇంటికొక చుట్టం దిగబడ్డాడు. ముందువైపు ఇళ్ళలో ఒక్కడూ లేడు. మా ఇంట్లోవాడు ఇల్లంతా పరుచుకున్నాడు. నేను తలుపు వెనక చీపురు పక్కన నిలబడి కునుకు తీస్తున్నాను.

పదిహేనో ఇంటి బుల్లెమ్మాయిగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకీ మా వదినగారికీ మాటల్లేవు. మాటల్లేకపోవడమే కాదు, బుల్లెమ్మాయిగారు తన ఇల్లు మొత్తాన్ని పక్కకు తిప్పేసుకున్నారు. తీగ మీద ఇళ్ళన్నీ గుమ్మానికి గుమ్మం ఎదురుగా ఉంటాయి. ఇక్కడ మాత్రం వదినగారి తలుపు తీస్తే బుల్లెమ్మాయిగారి గోడ. ఇన్నాళ్ళూ చుట్టాలు ఆ సందులోంచే ఒళ్ళు గీరుకుంటూ దాటేవారు.

"మా ఇంటికి చుట్టమన్నవాడొచ్చి ముప్పై ఊపులైందండి," అన్నారు బుల్లెమ్మాయిగారు. "ఆవిడ కావాలనే ఆపేసింది. నామీద పంతం."

"పంతం దేనికండి?"

"నేను ఉన్నమాట అన్నాను. ఆవిడింట్లో చుట్టాలు నిలవరన్నాను."

ఇప్పుడు నిలిచాడు కదండీ అని అనబోయి ఆగాను. ఆవిడ చేతిలో అట్లకాడ ఉంది.

ఊపు 4,151

తీగంతా కలిసి ఒక్కసారి గట్టిగా ఊపుదామని తీర్మానించారు. తీగ వేడెక్కి ఊగితే చుట్టాలు చురుగ్గా దాటతారని అందరికీ తెలిసిందే. చలి రోజుల్లో ఒక్కొక్కడూ దుప్పటి వదలడు. ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి ఇరవై మూడిళ్ళవాళ్ళం ఒక్కసారి ఎగిరాం. తొమ్మిదో ఇంటి అటక కూలింది. నా మంచినీళ్ళ గ్లాసు ఎగిరి నా నెత్తిమీదే పడింది.

పధ్నాలుగో ఇంట్లో మాత్రం చెంచా కూడా కదల్లేదు. వదినగారు ముందే సామానంతా తాళ్ళతో కట్టేశారు. కట్టింది అన్నయ్యే. పైగా చుట్టం ఉలిక్కిపడ్డాడేమోనని ఇంకో రెండు దిండ్లు వేశారు. వాడు ఇంకాస్త లోపలికి దిగాడు.

"ఎవరు తాతబ్బాయ్ ఆ ఊపింది?" అని అడిగారు వదినగారు.

"తెలీదండి," అన్నాను. పూతరేకులు ఎనిమిది. అంతా మామూలే.

ఊపు 4,160

గట్టు తనిఖీదారు గనిరాజుగారు వచ్చారు. గట్టు మీదనుంచి తీగలోకి రావాలంటే మొదటింటి గంధకం గుంజ పట్టుకుని దిగాలి. తీగను బంగారానికి కట్టి ఉంచేది ఆ గుంజే. అందుకని గట్టు మనుషుల కంటే ముందు వాసన వస్తుంది. నేను ముక్కు మూసుకుని పుస్తకం చేతికిచ్చాను.

"అంతా మామూలే అని ఎన్నిసార్లు రాశారండీ బాబూ," అన్నారు పేజీలు తిప్పుతూ. "పేజీలు కూడా ఒకదానికొకటి అంటుకుపోయాయి. నెయ్యేనా ఇది?"

"నెయ్యేనండి."

"ఈ తీగ ఎక్కడుందో తెలుసా మీకు? పైన ఒక పెద్దాయన చెవి మిషన్లో. మీ చుట్టాలు నడిస్తేనే దానికి కరెంటు. యాభై ఊపులుగా ఆయనకి వాళ్ళావిడ చెప్పేది ముక్క వినబడట్లేదు."

"అయ్యో, పెద్దాయనకి ఎంత కష్టం."

"ఆయనకేం కష్టం లేదండి. కంప్లయింటు ఆవిడది."

తర్వాత అసలు మాట చెప్పారు. ఊపు 4,200 కల్లా పధ్నాలుగో ఇంటి చుట్టం కదలకపోతే రెండు చివర్లా గుంజలు విప్పేస్తారు. మా ఇరవై నాలుగు ఇళ్ళూ ఎటు కొట్టుకుపోతాయో గట్టువాళ్ళకు అనవసరం. మా స్థానంలో పొట్టి తీగ వేస్తారు.

"పొట్టి తీగంటే ఏంటండి?"

"ఇంతే ఉంటుందండి. ఇళ్ళుండవు. చుట్టం ఎడమ గట్టు మీద మాయమై కుడి గట్టు మీద తేలతాడు."

"మరి మధ్యలో?"

"మధ్యలో ఎక్కడా ఉండడు."

నాకది మింగుడు పడలేదు. చుట్టాలంటే పడని నాకే. ఒక్కరి గడపా తొక్కకుండా, కనీసం మంచినీళ్ళు చూడకుండా ఇటునుంచి అటు తేలడమేమిటి? దాన్ని రావడమనరు, పోవడమనరు. మా ఇళ్ళు పోతాయన్న భయం ఆ తర్వాత వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

ఊపు 4,164

గనిరాజుగారు వదినగారికి నోటీసు ఇచ్చి వస్తానని వెళ్ళారు. నాలుగు ఊపులైనా రాలేదు. వెళ్ళి చూశాను. చుట్టం పక్కనే ఇంకో పరుపు వేసి ఆయన్ని కూర్చోబెట్టారు.

"వద్దండమ్మా, డ్యూటీలో ఉన్నాను," అంటున్నారు గనిరాజుగారు.

"డ్యూటీ చేసేవాళ్ళకి ఆకలుండదేటండీ? మొహమాట పడకండి. ఇంకొక్కటే," అంటున్నారు వదినగారు.

ఆ ఒక్కటీ పదకొండోదని అన్నయ్య వేళ్ళతో సైగ చేశాడు. వదినగారు ఇద్దరు అతిథులకీ చెరో పక్కా విసురుతున్నారు. విసనకర్ర బదులు వాడుతున్నది నోటీసు. చూస్తుండగానే గనిరాజుగారు వెనక్కి వాలి గుర్రు పెట్టారు. గడువు మాత్రం నిద్రపోదు. ఇంకా ముప్పై ఆరు ఊపులు.

ఊపు 4,177

ఇంట్లో చోటు లేక, గుమ్మంలో కూర్చుని ఈ పుస్తకంలో పాత పేజీలు తిరగేశాను. మూడో గడి, అదే ఇంటి పరిస్థితి. ఇన్నాళ్ళూ విసుక్కుంటూ నింపి మళ్ళీ చూడని గడి.

ఊపు 811. మంచం సగం జరిగింది, దిండు జారింది. పక్కింట్లోనూ మంచం సగం జరిగింది, దిండు జారింది. చుట్టం దాటాడు. ఊపు 1,306. బీరువా వంకరగా ఉంది. పక్కింట్లోనూ వంకరగా ఉంది. దాటాడు. ఊపు 2,950, అదే కథ. వరసగా నాలుగొందల పేజీలు చూశాను. ఊపులకు సామాను అటూ ఇటూ కదిలి, ఒక్క క్షణం పాటు రెండిళ్ళూ అచ్చం ఒకేలా అయినప్పుడే ప్రతివాడూ దాటాడు. ఒక్కసారి కూడా ఇంకోలా జరగలేదు.

అంటే చుట్టం పొమ్మంటే పోడు, ఉండమంటే ఉండడు. తానున్నది ఈ ఇంట్లోనో ఆ ఇంట్లోనో తనకే తెలియనప్పుడు గడప దాటతాడు. వదినగారిల్లు లాంటిది తీగ మీద ఇంకోటి లేదు. పైగా కదలకుండా తాళ్ళతో కట్టేశారు. ఇక వాడు ఎలా దాటతాడు?

ఇంకో సంగతి కూడా తేలింది. మా ఇంట్లోంచి చుట్టాలు తొందరగా పోవడానికి నా చీపురు కారణం కాదు. మా ఇల్లు ఎప్పుడు చూసినా సగం సర్దినట్టే ఉంటుంది. ఈ ముక్క బయట ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఊపు 4,183

వదినగారికి చెప్పాను.

"అంటే ఆయన్ని తోలెయ్యమంటావు," అన్నారు.

"తోలడం కాదండి. మీ ఇల్లు సగం విప్పాలి. బుల్లెమ్మాయిగారు వాళ్ళిల్లు సగం సర్దాలి. రెండూ ఒకేలా ఉండాలి."

బుల్లెమ్మాయిగారి పేరు వినగానే నా ముందున్న పళ్ళెం వెనక్కి వెళ్ళిపోయింది.

"నా ఇంటికొచ్చినోళ్ళంతా చెప్పకుండా పోతారు తాతబ్బాయ్," అన్నారు. "పొయ్యి మీద పెట్టింది దించేలోపు ఉండరు. ఇన్నాళ్ళకి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నిలబడ్డాడు. అదీ తప్పేనా?"

కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకు నిజంగా బాధేసింది. నా ఇంటికి ఎవరొచ్చినా ఎప్పుడు పోతారా అని చూసేవాణ్ణి నేను. ఈ మనిషి ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబడి, పోయినవాళ్ళ వైపు చూస్తూ ఉండిపోయిందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

నోటీసు తీసుకుని చదివి వినిపించాను. గుంజలు విప్పుతారంటే ఆవిడ బెదరలేదు. ఇళ్ళు కొట్టుకుపోతాయంటే, పోతే అందరం పోతాం కదా అన్నారు. పొట్టి తీగ సంగతి వచ్చేసరికి విసరడం ఆపేశారు.

"ఇళ్ళే ఉండవా?"

"ఉండవండి."

"మరి ఈయన ఎక్కడ కూకుంటాడు?"

"ఎక్కడా కూర్చోడండి. ఎవరూ కూర్చోమనరు."

వదినగారు చుట్టం వైపు తిరిగారు. చెయ్యి చాచి దిండు ఒకటి సరిచేసి, మళ్ళీ దాన్నే తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎళ్ళినవాడు మళ్ళీ వత్తాడా?"

కుడి గట్టు దిగాక చుట్టూ తిరిగి ఎడమ గట్టుకే దారి ఉందని ఎవరో అనగా విన్నాను. నిజమో కాదో నాకు తెలీదు.

"వస్తాడండి," అన్నాను.

"అయితే ఆ బుల్లెమ్మాయిని ఇల్లు తిన్నగా తిప్పుకోమను."

ఊపు 4,192

తిప్పుకున్నారు. ఇళ్ళు పోతాయంటే ఎవరైనా తిప్పుకుంటారు. గుమ్మాలు ఎదురెదురయ్యాయి. ఆవిడ వాకిట్లో ఆవిడ, ఈవిడ వాకిట్లో ఈవిడ, మధ్యలో నేను. ఇద్దరి మధ్యా దూరం మూరెడు లేదు, అయినా ప్రతి మాటా నా ద్వారానే.

"ఆవిడ బీరువా ఇంకో బెత్తెడు వెనక్కని చెప్పండి తాతబ్బాయిగారూ."

"మూడో దిండు ఆవిడ ఎత్తుగా వేసిందని చెప్పు తాతబ్బాయ్."

"ఒక్కటి అడుగుతానండి," అన్నారు బుల్లెమ్మాయిగారు నా చెవిలో. "ఆవిడింట్లో ఎనభై ఊపులున్నవాడు మా ఇంట్లో మూడే ఉంటే నా పరువేం కాను?"

"తీగే లేకపోతే పరువు ఎక్కడ పెట్టుకుంటారండి?" అన్నాను. ఆవిడ బీరువా వైపు వెళ్ళిపోయారు.

అంతా కుదిరిందనుకునేసరికి ఒక చిక్కు. పధ్నాలుగో ఇంట్లో గుర్రు పెడుతున్న తనిఖీదారు ఒకరున్నారు. పదిహేనో ఇంట్లో లేరు. ఎంత కుదిపినా గనిరాజుగారు లేవలేదు. చివరికి అన్నయ్యని తీసుకెళ్ళి పదిహేనో ఇంట్లో అదే మూల, అదే భంగిమలో పడుకోబెట్టాం. వదినగారు తనను పడుకోమనడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని అన్నయ్య చెప్పాడు. ఆ ముక్క పూర్తి కాకుండానే నిద్రపోయాడు. గురక కూడా కలిసింది.

ఊపు 4,199

ఇంకా ఒకటి తేడా ఉంది. వదినగారింట్లో పూతరేకుల పళ్ళెం ఉంది. చేసేది లేక వదినగారు ఇంకో పళ్ళెం సర్ది, మూరెడు దూరం చెయ్యి చాచి, బుల్లెమ్మాయిగారి చేతికే ఇచ్చారు. బుల్లెమ్మాయిగారు దాన్ని బల్ల మీద పెట్టబోతూ, ఎవరూ చూడట్లేదనుకుని ఒకటి నోట్లో వేసుకున్నారు.

"తాతబ్బాయ్, అక్కడొకటి తగ్గింది," అన్నారు వదినగారు.

"మాణిక్యాంబగారూ, బాగున్నాయండి," అన్నారు బుల్లెమ్మాయిగారు, నాకు చెప్పకుండా నేరుగా.

వదినగారు తన పళ్ళెంలోంచి ఒకటి తీసి తిన్నారు. ఇప్పుడు రెండు పళ్ళేల్లోనూ ఒకే లెక్క. తాళ్ళు విప్పేశాను. తీగ అటు వంగింది. రెండు మంచాలూ సగం జరిగాయి, రెండు దిండ్లు జారాయి, రెండు గురకలూ ఒక్కసారి ఆగాయి. నేను గుమ్మాల మధ్య నిలబడి అటు చూస్తే అదే ఇల్లు, ఇటు చూస్తే అదే ఇల్లు. చుట్టం కాస్త ఇక్కడా కాస్త అక్కడా ఉన్నాడు.

తీగ ఇటు వచ్చేసరికి పూర్తిగా అక్కడే, పదిహేనో ఇంట్లోనే ఉన్నాడు. వదినగారి పరుపు మీద గుంట నెమ్మదిగా పైకి లేచింది.

"చెప్పకుండానే ఎళ్ళిపోయాడు," అన్నారు వదినగారు.

"నోరు లేదు కదండీ," అన్నాను. ఈసారి ఎటకారంగా అనలేదు.

ఊపు 4,203

మా ఇంట్లో ఎనభై ఊపులుగా ఉన్నవాడు పధ్నాలుగో ఇంటికి దాటాడు. ఇల్లు నాకొక్కడికే మిగిలింది. చీపురు చేతిలో ఉంది గానీ ఎందుకు పట్టుకున్నానో గుర్తు రాలేదు. పుస్తకం పట్టుకుని వాడి వెనకే వెళ్ళాను. అన్నయ్య పదిహేనో ఇంట్లోంచి తిరిగొచ్చేశాడు, గనిరాజుగారు అప్పుడే లేచి కళ్ళు నులుముకుంటున్నారు.

వదినగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వచ్చినవాణ్ణి చూసి, "వచ్చేశారా. ఎంత చిక్కిపోయారండి," అన్నారు.

నేను ఆఖరి గడి దగ్గర కలం ఆపాను. గనిరాజుగారు నా చేతిలో పుస్తకం లాక్కుని చూశారు.

"వీడు మీ ఇంట్లోంచి కదండీ వచ్చాడు? ముందువాడు ఇంకా పదహారులో ఉన్నాడు. ఇద్దరూ ఒకటెలా అవుతారు?"

"తేడా ఉందేమో మీరే చూసి చెప్పండి," అన్నాను.

ఆయన లేచి చుట్టం చుట్టూ తిరిగారు. వంగి చూశారు, కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. పదహారో ఇంటి దాకా వెళ్ళి అక్కడివాణ్ణి చూసి, తిరిగొచ్చి మళ్ళీ ఇక్కడివాణ్ణి చూశారు. చివరికి పుస్తకం నాకు తిరిగిచ్చి, "మీకెలా తోస్తే అలా రాసుకోండి," అన్నారు. ఆఖరి గడిలో 'పాతవాడు' అని రాశాను. నాలుగు వేల ఊపుల్లో మొదటిసారి.

వదినగారు మంచం ఒక్క జానెడు జరిపారు. ఒక్క దిండు వేశారు. బీరువా వైపు చూసి, "ఇప్పుడొద్దులెండి," అన్నారు అన్నయ్యతో. "మళ్ళీ వత్తాడుగా, అప్పుడు చూద్దాం." చుట్టం మూడో ఊపున వెళ్ళాడు. వదినగారు పదిహేనో ఇంట్లోకి తొంగి చూసి, "బుల్లెమ్మాయ్, జాగ్రత్తగా చూసుకో," అని కేకేశారు.

ఊపు 4,231

గనిరాజుగారు మళ్ళీ వచ్చారు. తనిఖీ అన్నారు గానీ చేతిలో ఖాళీ డబ్బా ఉంది. మొదటి చుట్టం కుడి గట్టు దిగాడట. పొట్టి తీగ మాట ఇక లేదట. పెద్దాయనకు వినబడిందట.

"మొదట ఏం వినబడిందండి?" అని అడిగారు వదినగారు డబ్బా నింపుతూ.

"తిన్నారా అని. ఇన్నాళ్ళూ వాళ్ళావిడ అడుగుతున్నది అదేనటండి."

వదినగారు నా వైపు చూశారు. నేను పుస్తకంలోకి చూశాను.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో చుట్టం ఉన్నాడు. అలవాటుగా మంచినీళ్ళు చూపించాను. తలుపు తెరవబోయి ఆగాను. "తిన్నావా?" అని అడిగాను. మంచం ఒక జానెడు జరిపి, దిండు వేశాను.

పదమూడో ఇంట్లో ఉన్నది మూడు ఊపులు. ఇంటి పరిస్థితి, సర్ది ఉంది. చుట్టం, పాతవాడు.